పాత గార్డెన్ ట్రాక్టరుకు మంచు బ్లేడు: ముందు చట్రం, ఆ తర్వాతే వెడల్పు

అమెరికాలోని మిషిగన్‌లో అక్టోబరు రాగానే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేసులోనూ క్రెయిగ్స్‌లిస్టులోనూ పాత మంచు బ్లేడ్ల, అంటే ట్రాక్టరు ముందు తగిలించి మంచును తోసే వంగిన రేకుల, ప్రకటనలు వరుసకడతాయి. దాదాపు అన్నింటిలోనూ ఒకటే ధోరణి. బ్లేడు ముందు భాగానికి కొత్తగా రంగు వేసి, ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసి, "48 అంగుళాలు, మంచి కండిషన్, ఏ గార్డెన్ ట్రాక్టరుకైనా సరిపోతుంది" అని రాస్తారు. వీటిలో మొదటి మాట టేపుతో కొలిస్తే తేలిపోతుంది, రెండోది చూస్తే తెలుస్తుంది. మూడోది మాత్రం చాలాసార్లు నిజం కాదు. అది నిజమో కాదో చెప్పగలిగిన భాగమేమో ఫొటోలో ఉండదు, ఎందుకంటే అది బ్లేడు వెనక ఉంటుంది. నాలుగు ముక్కల ఇనుము, రెండు స్ప్రింగులు, కొన్ని పిన్నులు, ట్రాక్టరు కిందకు వెళ్లే ఒక పొడవాటి చట్రం: అసలు కొనాల్సింది వీటినే. వంగిన రేకు వీటితో పాటు వచ్చే వస్తువు మాత్రమే అన్నది నా వాదన.

ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో ఎకరం, అరెకరం స్థలం ఉన్నవారు పాత గార్డెన్ ట్రాక్టర్ల వైపు చూడటం ఈమధ్య ఎక్కువైంది. వేసవిలో గడ్డి కోయడానికి దుకాణంలో దొరికే లాన్ ట్రాక్టరు వేరు, గార్డెన్ ట్రాక్టరు వేరు. మొదటిదాని చట్రం పలచటి రేకును మడిచి చేసినది, దాని గేరుపెట్టె ఆ పని వరకే ఓర్చుకుంటుంది. 1960, 70 దశకాల గార్డెన్ ట్రాక్టరులో మందమైన ఉక్కు చట్రం, పోత ఇనుముతో చేసిన గేరుపెట్టె, పోత ఇనుప సిలిండరుతో కోలర్ కంపెనీ కె-సిరీస్ ఇంజను ఉంటాయి. నేను వాడేది వీల్ హార్స్ సి-120. పన్నెండు గుర్రాల ఇంజను, హై-లో మీటతో కలిపి ముందుకు ఆరు, వెనక్కి రెండు గేర్లు. నేను ఎక్కువగా దాని ఉదాహరణలే చెబుతాను గానీ, వాదన మిగతా బ్రాండ్లకూ వర్తిస్తుంది.

"ఏ ట్రాక్టరుకైనా సరిపోతుంది" అన్న మాట మనకు అంత తేలిగ్గా నమ్మబుద్ధి కావడానికి ఒక కారణం ఉందని నాకనిపిస్తుంది. మన ఊళ్లలో ట్రాక్టరు వెనక త్రీ పాయింట్ లింకేజీ ఉంటుంది. మహీంద్రా అయినా స్వరాజ్ అయినా, కల్టివేటరునూ రోటవేటరునూ పక్క రైతు దగ్గర అడిగి తెచ్చుకుని మూడు పిన్నులు పెట్టి పనిలోకి దిగుతాము. హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు రూపకల్పన నుంచి వచ్చిన ఆ పద్ధతి కాలక్రమంలో ప్రమాణమై, పిన్ను ఎంత లావుండాలో, రెండు చేతుల మధ్య ఎంత దూరముండాలో కేటగిరీల వారీగా స్థిరపడింది. గార్డెన్ ట్రాక్టరు ముందు భాగానికి మాత్రం అటువంటి ప్రమాణం ఏనాడూ ఏర్పడలేదు.

ఏర్పడకపోవడం యాదృచ్ఛికం కాదు. సిసిల్ పాండ్ ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో 1946లో మొదలుపెట్టిన చిన్న వ్యాపారమే తర్వాత వీల్ హార్స్ అయింది. 1960లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు కెంటకీలోని లూయివిల్ కర్మాగారం నుంచి కబ్ క్యాడెట్‌ను తెచ్చారు. 1963లో జాన్ డీర్ 110 వచ్చింది. ట్రాక్టరును ఒక్కసారే అమ్మగలరు. ఆ తర్వాత ఏటా డీలరు దుకాణానికి గిరాకీ వచ్చేది దానికి తగిలించే పనిముట్ల వల్లే కాబట్టి, ప్రతి కంపెనీకీ తన పనిముట్టు తన ట్రాక్టరుకే పట్టాలని ఉండేది. పైగా ఒకే బ్రాండులోనూ చట్రాలు మారాయి. కబ్ క్యాడెట్‌నే తీసుకుంటే మొదటి దశాబ్దపు యంత్రాలను ఇరుకు చట్రం అనీ, 1971 తర్వాతి వాటిని వెడల్పు చట్రం అనీ వాడేవారు విడిగా పిలుస్తారు. బ్లేడు మీద అదే పేరు, అదే పసుపు రంగు ఉన్నంత మాత్రాన అది మీ యంత్రానికి పుట్టిందని అనుకోవడానికి లేదు. వీల్ హార్స్ 1974లో అమెరికన్ మోటార్స్ చేతికీ, 1986లో టోరో చేతికీ వెళ్లింది. యజమానులు మారినా పాత పనిముట్లు పాత మోడల్ నంబర్లకే కట్టుబడి ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మంచును తోసే బలం ఎక్కడ పుడుతుంది? ఇంజనులో అంటారు చాలామంది. నేలను తన్ని యంత్రాన్ని ముందుకు నెట్టేది మాత్రం వెనక టైరు. ఆ తోపు టైరు నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి గేరుపెట్టెకు, గేరుపెట్టె నుంచి దానికి బోల్టులతో బిగించిన చట్రానికి, అక్కడి నుంచి బ్లేడుకు చేరాలి. బ్లేడును చట్రం ముందు కొసకు బిగిస్తే, ఆ తోపంతా చట్రం పొడవునా ప్రయాణించి, ముందు కొస దగ్గర నేలకు దగ్గరగా ఉన్న బ్లేడు అంచు మీదకు దిగుతుంది. బ్లేడు అంచు చట్రం కన్నా ఒక అడుగు కిందుగా ఉంటుంది కాబట్టి చట్రం మీద తోపుతో పాటు వంపు కూడా పడుతుంది. బీరువాను పైభాగంలో పట్టుకుని తోస్తే ఒరుగుతుంది, అడుగున పట్టి తోస్తే జరుగుతుంది. బ్లేడు విషయంలో కూడా తోపు ఎంత కిందుగా, ఎంత వెనక నుంచి అందితే అంత మంచిది.

పాత కంపెనీల ఇంజనీర్లకు ఇది బాగా తెలుసు. అందుకే బ్లేడు వెనక ఒక పొడవాటి సబ్‌ఫ్రేమును పెట్టి, దాన్ని ట్రాక్టరు పొట్ట కింద నుంచి వెనక్కి పంపించారు. వీల్ హార్స్ బ్లేడ్లలో ఇవి రెండు రకాలుగా కనిపిస్తాయి. పొడవు చట్రం ఉన్నవి వెనక ఇరుసు దగ్గరి బ్రాకెట్లకు పట్టుకుంటాయి. పొట్టి చట్రం ఉన్నవి ట్రాక్టరు నడుము దగ్గర, గడ్డి కోసే డెక్కు తగిలించే కొక్కేనికే తగులుకుంటాయి. మొదటి రకంలో వెనక ఇరుసు బలం దాదాపు నేరుగా బ్లేడుకు చేరుతుంది, ట్రాక్టరు చట్రం మీద పడే భారం చాలా తగ్గుతుంది. రెండో రకంలో వెనక సగం చట్రం భారం మోస్తుంది, ముందు సగం బయటపడుతుంది. రెండూ పనికొస్తాయి. దొరికితే మొదటిదే తీసుకోమంటాను. రెండో రకం కావాలంటే డెక్కును విప్పి పక్కన పెట్టాల్సిందే, గనక నవంబరులో వచ్చే చివరి గడ్డి కోత ఎప్పుడవుతుందో కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ప్రకటన చూసి ఫోను చేసేటప్పుడు నేను మొదట అడిగేది వెడల్పు కాదు, ధర కూడా కాదు. "బ్లేడును బోర్లా తిప్పి వెనక వైపు ఒక ఫొటో, చట్రం చివరి కొస ఒక ఫొటో పంపగలరా?" అని అడుగుతాను. ఆ కొసలో కొక్కెం ఉందా, అడ్డ కడ్డీ ఉందా, రెండు చెవులు ఉండి వాటికి రంధ్రాలు ఉన్నాయా అన్నది చూస్తే అది దేనికి పుట్టిన బ్లేడో చాలా వరకు తేలుతుంది. ఇటు ట్రాక్టరు వైపు, దాని మోడల్ నంబరు రాసిన పలక నుంచి నంబరు రాసుకుంటే, వీల్ హార్స్ పాత మాన్యువళ్లు టోరో వెబ్‌సైటులో ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. అందులోని భాగాల బొమ్మను ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కొక్క ముక్కనూ సరిచూసుకోవచ్చు. ఈ పని చేయడానికి అరగంట కూడా పట్టదు. అయినా, బ్లేడు కోసం రెండు గంటలు కారు నడపడానికి సిద్ధపడేవారు ఆ అరగంట దగ్గర ఎందుకు బద్ధకిస్తారో నాకు అర్థం కాదు.

కిందటేడాది డెట్రాయిట్ దగ్గరి నోవైలో ఉండే ఒక తమ్ముడు, కరీంనగర్ వైపు అబ్బాయి, ఫోను చేశాడు. "అన్నా, 54 అంగుళాల బ్లేడు నూట యాభై డాలర్లకే ఇస్తా అంటున్నడు, తెచ్చుకోనా?" "వెనక ఫ్రేము ఫొటో పంపమను తమ్ముడూ." "ఫ్రేము లేదంటన్నా. వెల్డింగు చేయించుకుంటె ఏ ట్రాక్టరుకైనా పడ్తదంట." వద్దన్నాను. వాడు తెచ్చుకున్నాడు, ఎవరితోనో ట్రాక్టరు చట్రం ముందు కొసకు రెండు పట్టీలు వెల్డు చేయించుకున్నాడు. జనవరిలో మంచు బాగా పడినప్పుడు బ్లేడు బాగానే తోసింది, వాడు నాకు వీడియో కూడా పంపాడు. ఫిబ్రవరి చివర్లో ఇంజను ఆయిలు మారుస్తుంటే చట్రం మీద, వెల్డుకు సరిగ్గా పక్కన, వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. రంగు పగిలిందేమోనని గోటితో గీరి చూస్తే గోరు దిగింది. అది రంగులో వచ్చిన గీత కాదు, ఉక్కు పగిలిన గీత.

వెల్డింగు అంటేనే నేరమని నేను అనడం లేదు. ఉక్కును కరిగించి అతికించినప్పుడు ఆ అతుకు కన్నా దాని పక్కనున్న లోహం స్వభావం ఎక్కువగా మారుతుంది. పదే పదే దెబ్బలు తగిలే చోట పగులు పుట్టేది సాధారణంగా అక్కడే. బ్లేడు పని అంటే దెబ్బల పనే. నాకు తెలిసిన ఇక్కడి పాతకాలపు వ్యక్తి ఒకాయన, డెబ్బై దాటినవారు, ట్రాక్టరును తాకకుండా పూర్తి సబ్‌ఫ్రేమునే కొత్తగా తయారు చేసుకుని, కంపెనీ పెట్టిన రంధ్రాలకే బోల్టులతో బిగించుకున్నారు. అది చూస్తే అసలు భాగం కన్నా గట్టిగా ఉంది. అటువంటి పనికి నేను నమస్కారం పెడతాను. తేడా ఎక్కడంటే, ఆయన తోపు ఎటు వెళ్లాలో ముందు తేల్చుకుని తర్వాత ఇనుము కోశారు. బ్లేడు తెచ్చాక దాన్ని ఎక్కడో ఒకచోట అతికించాలనుకునే పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. యాభై ఏళ్లనాటి ట్రాక్టరు చట్రానికి వేరే చట్రం దొరకదు, బ్లేడ్లు ఎన్నైనా దొరుకుతాయి. అందుకని తాకకూడనిది చట్రాన్నే.

వెడల్పు గురించి మాట్లాడేవారు వెంటనే గుర్రపు శక్తి ప్రస్తావన తెస్తారు. "నాది పన్నెండు గుర్రాల ఇంజను, 54 అంగుళాలు లాగదా?" అంటారు. లెక్క వేసి చూద్దాము. పన్నెండు గుర్రాలంటే సుమారు 9 కిలోవాట్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచేటప్పుడు ఆ శక్తికి సాటి వచ్చే తోపు దాదాపు 650 కిలోల బరువుకు సమానం. బెల్టులోనూ గేర్లలోనూ సగం పోయిందనుకున్నా మూడు వందల పైచిలుకు మిగులుతుంది. ఇప్పుడు టైరు వైపు చూడండి. మనిషితో కలిపి వెనక చక్రాల మీద 250 కిలోలు ఉన్నాయనుకుందాము. అణగదొక్కిన మంచు మీద రబ్బరు పట్టు మోపిన బరువులో ఐదో వంతు ఉంటే ఎక్కువే. అంటే 50 కిలోలు. ఇంజను ఇవ్వగలిగినదానిలో ఆరో వంతును కూడా టైరు నేలకు అందించలేదు. టైరు గిర్రున తిరుగుతుంటే ఇంజను చప్పుడు విని అది లాగలేకపోతోందని అనుకుంటాము. లాగలేనిది ఇంజను కాదు, పట్టు లేనిది టైరు.

అందుకే ఎనిమిది గుర్రాల యంత్రం టైర్లకు ఇనుప చెయిన్లు వేసుకుని, పదహారు గుర్రాల నున్నటి టైర్ల యంత్రాన్ని వెనక్కి నెట్టేస్తుంది. బ్లేడు ముందు పోగయ్యే మంచును కూడా ఒకసారి తూచి చూద్దాము. 15 సెంటీమీటర్ల మంచు, కాస్త తడిసి ఘనమీటరుకు 200 కిలోలు తూగేది. 48 అంగుళాల బ్లేడుతో ఆరు మీటర్లు తిన్నగా తోస్తే పక్కలకు జారిపోయేది వదిలేసినా 215 కిలోలకు పైగా పోగవుతుంది. 54 అంగుళాలదైతే ఇంకో 27 కిలోలు. పలచటి పొడి మంచులో ఈ తేడా తెలియదు. ఫిబ్రవరి తడి మంచులో, టైరు పట్టు అప్పటికే అంచు మీద ఉన్నప్పుడు, ఆ 27 కిలోలే ట్రాక్టరు కదలాలా ఆగాలా అన్నది తేలుస్తాయి.

మరి ఎంత వెడల్పు కావాలి? ఇది నిజానికి చిన్న ప్రశ్న. బ్లేడును ఏటవాలుగా తిప్పినప్పుడు కూడా అది వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరాన్ని కప్పాలి, లేకపోతే తోసిన వరుస అంచున మిగిలిన మంచును మీ టైరే తొక్కి గట్టిపరుస్తుంది. 30 డిగ్రీలు తిప్పితే 42 అంగుళాల బ్లేడు కప్పేది 36 అంగుళాలకు కొంచెం పైన, 48ది దాదాపు 41న్నర, 54ది 46 అంగుళాల పైచిలుకు. నా సి-120కి టైర్ల బయటి కొలత సుమారు 36, చెయిన్లు వేస్తే ఇంకొంచెం. కనుక 48 హాయిగా సరిపోతుంది, 42 అయితే కోణం కొంచెం తగ్గించుకుంటే చాలు. పెద్ద బ్లేడుకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఏటవాలు బ్లేడు కొస దేనికైనా తగిలితే ట్రాక్టరు ముక్కును పక్కకు తిప్పేస్తుంది, కొస ఎంత దూరమైతే ఆ తిప్పుడు అంత బలంగా ఉంటుంది, ముందు టైర్లు మంచు మీద దాన్ని ఆపలేవు. 42కీ 48కీ మధ్య గంటలకొద్దీ తర్కించేవారికి నేను చెప్పేది ఒకటే, ఏది పూర్తి సామానుతో దొరికితే అది తీసుకోండి.

పూర్తి సామాను అన్నప్పుడు నా దృష్టిలో చట్రం తర్వాత స్థానం ట్రిప్ స్ప్రింగులది. బ్లేడు వెనక పైభాగంలో రెండు లావుపాటి స్ప్రింగులు ఉంటాయి. బ్లేడు అడుగు అంచు కాంక్రీటు పలకల మధ్య లేచిన అతుకుకో, గడ్డకట్టిన రాయికో తగిలినప్పుడు బ్లేడు పైభాగం ముందుకు వాలి, అడుగు అంచు వెనక్కి మడుచుకుని అడ్డాన్ని దాటి, మళ్లీ స్ప్రింగు లాగడంతో నిలబడుతుంది. ఇది ఖరీదైన సౌకర్యం కాదు, యంత్రాన్నీ నడిపేవాడి మోచేతులనూ కాపాడే ఏర్పాటు. మనిషితో కలిపి 400 కిలోల యంత్రం గంటకు 6 కిలోమీటర్లతో వెళ్లి ఠక్కున ఆగితే చట్రం మింగాల్సిన శక్తి, 3 కిలోమీటర్లతో వెళ్లి ఆగినప్పటికన్నా నాలుగు రెట్లు. అందుకే లో గేరులో నడపాలి, అందుకే స్ప్రింగులు ఉండాలి. కొందరు బరువైన మంచులో బ్లేడు ఊరికే వాలిపోతోందని విసుగెత్తి, స్ప్రింగుల స్థానంలో ఒక బోల్టు బిగించేస్తారు. అటువంటి బ్లేడు కొనేటప్పుడు, ఆ బోల్టు బిగించిన రోజు నుంచి ప్రతి దెబ్బా ఎటు వెళ్లిందో ఆలోచించండి. స్ప్రింగు బిగుతును సర్దుకునే వీలు చాలా బ్లేడ్లలో ఉంటుంది, మరీ వదులైతే బిగించుకోవాలి గానీ మూసేయకూడదు.

లిఫ్టు విషయం కొందరిని చివరి నిమిషంలో ఇబ్బంది పెడుతుంది. చేతి లివరుతో లేపే ట్రాక్టరుకూ హైడ్రాలిక్ లిఫ్టు ఉన్నదానికీ మధ్య లంకె కడ్డీలు వేరుగా ఉండవచ్చు, ఒకే మోడల్ పేరు కింద రెండు రకాలూ అమ్మినప్పుడు ఇది మరీ తికమక. బ్లేడును కుడి ఎడమలకు తిప్పే పొడవాటి కడ్డీ కూడా చాలాసార్లు పోతుంది. అది లేకపోతే ప్రతిసారీ సీటు దిగి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, పిన్ను పీకి చేత్తో తిప్పాలి. ఆ పని రెండుసార్లు చేశాక ఎవరూ మూడోసారి చేయరు, బ్లేడును ఒకే వైపు పెట్టి వదిలేస్తారు.

బరువు, చెయిన్లు బ్లేడు ధరలో లెక్కించాల్సినవే. ముందు బ్లేడును లేపినప్పుడు దాని బరువు ముందు ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి వెనక చక్రాల మీది బరువు తగ్గుతుంది. వెనక చక్రాలకు పోత ఇనుప బరువులు బిగించవచ్చు, లేదా టైర్లలో ద్రవం నింపవచ్చు. కాల్షియం క్లోరైడు ద్రావణం బరువైనదే గానీ కారిందంటే చక్రపు రిమ్మును తినేస్తుంది. బీట్ రసం గాలనుకు దాదాపు 11 పౌండ్లు తూగుతుంది, తుప్పు పట్టించదు, ఇక్కడి చలికి గడ్డకట్టదు. నా వెనక టైర్ల సైజుకు, అంటే 23×8.50-12కు, ఒక్కోదానికి సుమారు ఐదు గాలన్లు పడుతుంది. రెంటికీ కలిపి వంద పౌండ్లు దాటుతుంది. దానికి చెయిన్లు కలిస్తే ఇందాక 50 కిలోలని చెప్పిన పట్టు రెట్టింపు దాటుతుంది. బ్లేడు మీద ఇంకో ఆరంగుళాలకు పెట్టే డబ్బు ఇక్కడ పెడితే వచ్చే ఫలితం వేరు.

మంచును లోపలికి లాగి దూరంగా చిమ్మే కొత్త స్నో బ్లోయరు కొనుక్కుంటే ఈ గొడవంతా ఉండదు కదా అని అడిగేవారికి సమాధానం ఉంది. అడుగు మంచు పడే చోట, తోసిన మంచును పోగేయడానికి జాగా లేని చోట, బ్లోయరే మేలు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఒక్కసారికి నాలుగైదు అంగుళాలకు మించకుండా పడే రోజులే ఎక్కువ. అంత మంచుకు బ్లేడు పది నిమిషాల పని. మునిసిపాలిటీ బండి వచ్చి డ్రైవ్‌వే మొదట్లో అడ్డంగా వదిలి వెళ్లే గడ్డల వరుసను బ్లేడు నెట్టేసినంత తేలిగ్గా చిన్న బ్లోయరు మింగలేదు. అయితే ఆ వరుసను గడ్డకట్టకముందే, ఏటవాలు బ్లేడుతో కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోవాలి, దూరం నుంచి వేగంగా వచ్చి గుద్దకూడదు.

అడుగు అంచు గురించి కూడా ఒక మాట. బ్లేడు అడుగున బోల్టులతో బిగించిన మందపాటి పట్టీ అరిగిపోయే భాగం, మార్చుకోవడానికే పెట్టినది. అది పూర్తిగా అరిగాక కూడా వాడితే అసలు రేకు అరగడం మొదలవుతుంది, రేకుకు మార్పు లేదు. కంకర డ్రైవ్‌వే ఉన్నవారికి అంచును నేల నుంచి అర అంగుళం పైకి పట్టే షూలు, అంటే బ్లేడుకు తగిలించే ఇనుప పాదాలు, తప్పనిసరి. నేల గడ్డకట్టేదాకా అవి లేకుండా తోస్తే మంచుతో పాటు కంకర కూడా పచ్చికలోకి వెళ్లి, వసంతంలో గడ్డి కోసే కత్తికి తగులుతుంది. కొత్త పట్టీ తెప్పించేముందు రంధ్రాల మధ్య దూరాన్ని కొలవాలి, వెడల్పు ఒకటే అయినా రంధ్రాలు ఒకచోట ఉండవు.

అమ్మేవారి గ్యారేజీకి వెళ్లినప్పుడు నేను వెంట తీసుకెళ్లేవి టేపు, తీగ బ్రష్షు, టార్చి, ట్రాక్టరుకు సరిపోయే ఒక కొత్త పిన్ను. సబ్‌ఫ్రేము రంధ్రాల చుట్టూ ఉన్న తుప్పును బ్రష్షుతో గీకి పిన్ను దూర్చి చూస్తాను. రంధ్రం గుండ్రంగా ఉంటే పిన్ను ఊగదు. ఏళ్ల తరబడి దెబ్బలు తిని కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే పిన్ను ముందుకూ వెనక్కీ టకటకలాడుతుంది. దాన్ని బుష్షు వేసి బాగుచేయవచ్చు, కానీ ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. తర్వాత బ్లేడు పై అంచును రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగి చూస్తాను. కాస్త కదిలి వెనక్కి వస్తే కీలు బాగుంది, స్ప్రింగులు బతికే ఉన్నాయి. అసలు కదలకపోతే కీలు తుప్పుతో పట్టేసింది, ఆయిలు పోసి రెండు రోజులు ఆగితే వదులుతుందేమో గానీ వదలకపోయే అవకాశమూ ఉంది. చివరగా ఇరుసు బ్రాకెట్లు, లిఫ్టు కడ్డీ, తిప్పే కడ్డీ ఎక్కడున్నాయని అడుగుతాను. "ఎక్కడో షెడ్డులో ఉండాలి, దొరికితే తర్వాత పంపిస్తాను" అంటే, అవి చేతికి వచ్చాకే డబ్బులిస్తానని చెప్పి ఫోను నంబరు ఇచ్చి వస్తాను. విడిగా వెతికితే ఆ మూడింటికీ కలిపి చాలాసార్లు బ్లేడు కన్నా ఎక్కువే అడుగుతారు.